కోటవాకిలి రాయి, పేరమ్మ ఉలవచారు

కుందనపురం రాజు మణికంఠదేవుడికి ఒకనాడు పొద్దున్నే రాయి మీద మోజు పుట్టింది.

"పరదేశులు మన ఊరొచ్చి ఎక్కడ తినాలో, ఏం కొనాలో, ఏది చూడాలో తెలీక తిరుగుతున్నారు. కోటవాకిట్లో పెద్ద రాయి నిలబెట్టి, మేలైనవాటి పేర్లు చెక్కించండి" అన్నాడు.

ఆ పని నగరాధికారి భుజంగరావు మీద పడింది. పడింది అనడం కంటే, ఆయనే కింద నిలబడి పట్టుకున్నాడనాలి. భుజంగరావు తన ఉత్తరీయం కూడా తాను మోసుకోడు. కొస పట్టుకుని ఒక నౌకరు వెనకాలే నడవాలి.

కొద్దిరోజులకే ఆయన సభలో లేచి పేర్లు చెప్పాడు. మేలైన గాజుల కొట్టు ఆయన మేనత్తది. మేలైన అత్తరు అంగడి వియ్యంకుడిది. తప్పక చూడవలసిన చోటు ఆయన మామిడితోట. మేలైన భోజనశాల బావమరిది కనకయ్యది.

ఊళ్ళో ఉన్న ప్రతిభంతా ఒక్క ఇంటిచుట్టూనే పుట్టడం వింతే. అయినా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయినవాళ్ళకి భుజంగరావు ఇంటిపన్ను పెంచుతాడు.

"ఇంకొక్క మనవి ప్రభూ. పేరెక్కని అంగళ్ళు రాజవీధిలో ఉంటే రాయికి విలువేముంటుంది? ముఖ్యంగా వాకిలి పక్కనున్న ఆ పూటకూళ్ళ ఇల్లు. ఒకటే పొగ, మసి. పున్నమిలోగా ఖాళీ చేయిద్దాం" అన్నాడాయన.

రాజు తలూపాడు. "కనకయ్య దగ్గర మొన్న ఉలవచారు తిన్నాను. ఆహా! అలాంటి చారు ఉన్న ఊళ్ళో ఇంకో పూటకూళ్ళ ఇల్లెందుకు? అలాగే కానీ."

కొలువులో తిప్పన్న అని ఒక మాటకారి ఉన్నాడు. మొన్న రాజు వెంట వెళ్ళి ఆ చారు అతనూ తిన్నాడు. తింటూనే ఉలిక్కిపడ్డాడు. అది వాకిలి పక్కనున్న పూటకూళ్ళ పేరమ్మ చారు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఈ ఊరొచ్చిన రోజుల్లో, ఏమీ అడగకుండా అతనికి విస్తరి వేసింది ఆమే. మొగుడు పోయాక ఆ పొయ్యే ఆమెకు ఆధారం. ఆ ఇల్లు పోతే ఆమె వీధిన పడుతుంది.

ఆ మాటే అంటే భుజంగరావు సాక్ష్యం అడుగుతాడు. నాలుకను సాక్షిగా నిలబెట్టడం ఏ సభలోనూ కుదరదు. అందుకే తిప్పన్న చేతులు కట్టుకుని లేచాడు.

"పున్నమిదాకా ఎందుకు ప్రభూ? పేరమ్మ ఇంటికి ఈ సాయంత్రమే నేను తాళం వేస్తాను. రేపు మధ్యాహ్నం తమరు కనకయ్య దగ్గరే ఆరగించండి. శుభకార్యానికి ఆలస్యం దేనికి?"

బావమరిది చారు ఎక్కణ్ణుంచి వస్తోందో ఎరగని భుజంగరావు మురిసిపోయి, అంతటి సభలో తిప్పన్న భుజం తట్టాడు.

సాయంత్రం తాళంకప్పతో వచ్చిన తిప్పన్నను చూసి పేరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ నాయనా, తాళం వేసేవాణ్ణి ఇదే చూడ్డం" అంది. ఆ మాట తిప్పన్నకు గుచ్చుకుంది. కళ్ళు దించుకున్నాడు.

"ఒక్క పూట ఓర్చుకో అమ్మా. ముందు తలుపుకి నేను తాళం వేస్తా, వెనక తలుపుకి నువ్వు గడియ పెట్టుకో. నేను పిలిచేదాకా ఎవరొచ్చినా తీయకు. పొయ్యి మాత్రం ఆర్పకు."

మర్నాడు మధ్యాహ్నం రాజు పరివారంతో వచ్చి కనకయ్య భోజనశాలలో కూర్చున్నాడు. వెండి విస్తరి వేశారు. పప్పు వచ్చింది. వేపుడు వచ్చింది. రాజు వాటిని పక్కకి నెట్టి కూర్చున్నాడు.

"చారేదీ?" అన్నాడు.

"మరుగుతోంది ప్రభూ" అన్నాడు వడ్డించేవాడు.

పెరుగు కూడా వచ్చేసింది. చారు రాలేదు. ఉలవచారు అప్పటికప్పుడు అయ్యేది కాదు, రాత్రంతా సన్నసెగ మీద కాగాలి. చూస్తే కనకయ్య లేడు. భుజంగరావూ లేడు.

"కనకయ్య ఎక్కడ?" రాజు గొంతు పెంచాడు.

"వంటింటికి వెళ్ళాడు ప్రభూ" అన్నాడు తిప్పన్న.

"వంటిల్లు ఇదిగో, ఇక్కడేగా ఉంది! ఎవరూ లేరే!"

తిప్పన్న వినయంగా వంగాడు.

"ఇది కాదు ప్రభూ. ఈ భోజనశాల వంటిల్లు కోటవాకిలి పక్కన ఉంటుంది. దయచేయండి, చూపిస్తాను."

రాజు విస్తరి ముందు నుంచి లేచి నడిచాడు. తిప్పన్న ఆయన్ని పేరమ్మ ఇంటి వెనక సందులోకి తీసుకెళ్ళాడు.

అక్కడ పెద్ద ఇత్తడి గంగాళానికి ఒక చెవి కనకయ్య పట్టుకున్నాడు. రెండో చెవి భుజంగరావు పట్టుకున్నాడు. ఎవరూ గుర్తుపట్టకుండా ఉత్తరీయం నెత్తిన ముసుగేసుకున్నాడు. దాని కొస పట్టుకునే నౌకరు మాత్రం అలవాటుకొద్దీ వెనకే నిలబడి, కొస పట్టుకునే ఉన్నాడు.

"పేరమ్మా! తల్లీ! ఒక్క గంగాళం పొయ్యమ్మా! రాజుగారు విస్తరి ముందు కూర్చున్నారు!" అని భుజంగరావు తలుపు బాదుతున్నాడు.

"భుజంగరావూ!" అన్నాడు రాజు.

ముసుగు జారింది.

"ప్రభూ... తాళం సరిగ్గా వేశారో లేదో చూద్దామని..."

తిప్పన్న ముఖంలో నవ్వు లేదు.

"నిజమే ప్రభూ. తాళాన్ని గంగాళంలో పట్టుకెళదామని వచ్చారు."

అప్పుడు తిప్పన్న పిలిచాడు. గడియ తీసిన పేరమ్మ రాజును గమనించలేదు, గంగాళాన్నే చూసింది.

"ఓహో, ఇది మీదా? రోజూ ఎవరో నౌకరొచ్చి దీన్నిండా చారు కొని పట్టుకెళుతుంటే, ఈ ఊళ్ళో రోజూ ఎవరింట్లో పెళ్ళా అనుకునేదాన్ని!"

రాజు నవ్వాడు. సందు గోడలు పట్టుకుని నవ్వాడు. నౌకరు కూడా నవ్వాడు, కొస వదలకుండానే.

మేలైన భోజనశాలగా రాయి మీద పేరమ్మ పేరే ఎక్కింది. మిగతా పేర్లన్నీ కొట్టేసి, మళ్ళీ ఎంచే పని తిప్పన్నకు ఇచ్చి, రాజు తన మెళ్ళో హారం తీసి అతని మెళ్ళో వేశాడు. ఆ ఏడాదంతా పేరమ్మ ఇంట చారు గంగాళం మోసే కొలువు భుజంగరావుకు దక్కింది.

ఆ పూటే ముందు తలుపు తాళం తీశాక రాజు ఆబగా పీట మీద కూర్చోబోయాడు. పేరమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"ముందు కాళ్ళు కడుక్కో నాయనా. చారెక్కడికీ పోదు. మోసేవాడు ఇక్కడే ఉన్నాడుగా!"