చేపల బజారులో ఆఖరు మనిషి

మూడో శనివారం కూడా కెజియా చేపల బజారు నుంచి ఉత్త సంచితోనే తిరిగొచ్చింది. మూడంతస్తుల మెట్లు దడదడా ఎక్కి, దోన్యా కాసిల్డా ఇంటి తలుపు కొట్టకుండానే తోసుకుని లోపలికొచ్చి, సంచిని కుర్చీ మీదికి విసిరికొట్టింది.

దోన్యా కాసిల్డా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు. స్పెయిన్ దేశపు దక్షిణ కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కాదిజ్ అనే ఊళ్ళో నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక పరదేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఇంట్లోనే స్పానిష్ నేర్పుతోంది. శిష్యులంతా ఆవిణ్ణి ‘మాయెస్త్రా’ అంటారు. గురువమ్మ అన్నమాట.

కెజియా బాపట్ల జిల్లా నిజాంపట్నం రేవు పిల్ల. రొయ్యలకొచ్చే రోగాల మీద పైచదువు చదవాలని అంత దూరం వెళ్ళింది. సీటైతే ఇచ్చారు గాని, షరతు పెట్టారు. ఆరు నెలల్లో స్పానిష్ నేర్చుకుని, ముగ్గురు పరీక్షకుల ఎదుట కూర్చుని పావుగంట మాట్లాడి నెగ్గాలి. నెగ్గకపోతే సీటూ లేదు, వీసా లేదు, పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఐదు నెలలు దాటిపోయాయి. పరీక్ష ఇంక మూడు వారాల్లోకి వచ్చింది.

రాతలో ఆమెకి తిరుగులేదు. ఆ దేశంలో పుట్టిపెరిగినవాళ్ళు తడుముకునేచోట కూడా ఆమె కలం తడుముకోదు. నోటితోనే వచ్చింది చిక్కు. దిగిన కొత్తలో సిమ్ కార్డు కోసం ఒక దుకాణానికి వెళ్ళి, వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని అడిగింది. దుకాణంవాడు పక్కవాణ్ణి పిలిచి, ఆమె అన్నది అన్నట్టే అని చూపించి, ఇద్దరూ పడీపడీ నవ్వారు. కెజియాకి ఒళ్ళు మండిపోయింది. ఒక్క తప్పు కూడా లేని స్పానిష్ వచ్చేదాకా ఈ ఊళ్ళో నోరు విప్పేది లేదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు మీద ఐదు నెలలు నిలబడిందంటే మీరు నమ్మాలి. బస్సులో పాసు చూపిస్తే సరిపోతుంది. సూపర్‌మార్కెట్లో మాటతో పనేలేదు. క్లాసులో వెనక బెంచీ ఉండనే ఉంది. చివరికి మాయెస్త్రాతో కూడా ముందు కాగితం మీద రాసుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, చదివి వినిపించేది. అయితే సూపర్‌మార్కెట్లో దొరికే చేప గడ్డకట్టిన రాయి. పక్కనే అంత సముద్రం పెట్టుకుని రాయి తినడం రేవు పిల్లకి నామర్దా. ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండు డబ్బాలో అలాగే ఉంది. అందుకే మూడు శనివారాలుగా ఈ బజారు యాత్ర.

“వాళ్ళు కావాలనే నన్ను చూడరు మాయెస్త్రా!” అంది కెజియా, కోపంలో సగం స్పానిష్, సగం ఇంగ్లీషు కలిపి. “గంటసేపు నిలబడ్డాను. నా తరవాత వచ్చినవాళ్ళంతా కొనుక్కుని పోయారు. నా రంగు చూసే ఇలా చేస్తున్నారు.”

“అయ్యుండొచ్చు. అలాంటివాళ్ళూ ఉన్నారు ఈ ఊళ్ళో” అంది మాయెస్త్రా.

ఈ జవాబు కెజియాకి నచ్చలేదు. కాదంటే పోట్లాడదామని మెట్లమీదే సిద్ధపడి వచ్చింది మరి.

“నువ్వేమన్నావు వాళ్ళని?”

“ఏమీ అనలేదు. నా స్పానిష్ ఇంకా బాగా కుదరలేదు. కుదిరాక అంటాను. అప్పుడు చచ్చినట్టు వింటారు.”

“పరీక్ష మూడు వారాల్లో ఉంది కదమ్మా.”

“ఇంగ్లీషుకీ ఇలాగే చేశాను. కాలేజీలో నా ఇంగ్లీషు విని నవ్వితే ఏడాదిపాటు నోరు కట్టేసుకున్నాను. రెండో ఏడు తెరిచాను. మళ్ళీ ఒక్కరు నవ్వితే ఒట్టు.”

ఆ మాటలో అబద్ధం లేదు, అదే తంటా. ఒకసారి నెగ్గిన మొండితనాన్ని మాటలతో కదిలించడం ఎవరి తరం? మాయెస్త్రా ఆ ప్రయత్నమే చెయ్యలేదు. చివరి చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది.

“మంగళవారం నేనూ వస్తాను బజారుకి. నాకూ నెత్తళ్ళు కావాలి. నువ్వు ఎలా చేస్తే అలా చేస్తాను.”

మంగళవారం పన్నెండున్నరకి ఇద్దరూ బజారులో ఉన్నారు. పెద్ద రాతి స్తంభాల మధ్య వరసగా పాలరాతి అరుగులు, వాటి మీద మంచు, మంచు మీద చేపలు. నడిమి అరుగు మీద నెత్తళ్ళు వెండి కుప్పలా పోసున్నాయి. వాటిని చూడగానే కెజియాకి ప్రాణం లేచొచ్చింది. అరుగు వెనక చారో అనే లావుపాటి ఆవిడ, మోచేతుల దాకా తడిసిపోయి, తల ఎత్తకుండా తూచి పొట్లాలు కడుతోంది.

అరుగు ముందు పదిహేనుమంది దాకా ఉన్నారు గాని, వరస అనేది కనిపించదు. మన రేషన్ షాపు ముందైతే మనిషి లేకపోయినా సంచో చెప్పులో వరసలో ఉంటాయి. ఇక్కడ ఒకడు స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు, ఇద్దరు ఆడవాళ్ళు దూరంగా నిలబడి ఎవరి కోడలి గురించో చెప్పుకుంటున్నారు. కెజియా ఎప్పట్లాగే అరుగుకి దగ్గరగా వెళ్ళి, చారో ఎప్పుడు తనవైపు చూస్తుందా అని నిలబడింది. మాయెస్త్రా కూడా ఆమె పక్కనే కర్ర ఆన్చుకుని నిలబడింది.

చారో చూడలేదు. “ఇప్పుడెవరు?” అని అరిచింది. “నేను!” అంది వెనకనుంచి ఎవరో. మళ్ళీ “ఇప్పుడెవరు?” మళ్ళీ ఇంకెవరో “నేను!”

అరగంట గడిచింది. చక్రాల సంచి లాక్కుంటూ ఒకావిడ వచ్చి మాయెస్త్రా వైపు తిరిగి ఏదో అడిగింది. మాయెస్త్రా చెవిటిదానిలా పైకప్పు వైపు చూసింది. ఆవిడ భుజాలెగరేసి ఇంకొకరిని అడిగింది. ఆ ఇంకొకరు చెయ్యెత్తి “నేను” అన్నారు.

వచ్చిన ప్రతివాళ్ళూ గుంపులోకి ఒక మాట వదలడం, ఎవరో ఒకరు చెయ్యెత్తడం కెజియా మూడు శనివారాలుగా చూస్తూనే ఉంది. చిన్న ఊరు, అందరూ ఎరిగినవాళ్ళే, పలకరించుకుంటున్నారనుకుంది. ఇవాళ తన పక్కనున్న మనిషినే అడిగేసరికి చెవులు నిక్కించి వింది. వాళ్ళు పలకరించుకోవడం లేదు. “ఆఖరెవరు?” అని అడుగుతున్నారు. “నేను” అని చెయ్యెత్తిన మనిషిని గుర్తుపెట్టుకుంటారు. ఆ మనిషి తరవాత వీళ్ళ వంతు. ఇక ఎక్కడ నిలబడ్డా, ఎవరితో కబుర్లు చెప్పుకున్నా, వంతు ఎక్కడికీ పోదు. అడగనివాళ్ళు మాత్రం ఆ వరసలో లేనట్టే లెక్క.

కెజియా చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే రెట్టింపు కోపం వచ్చింది.

“మీకు తెలుసు కదా ఇది!” అంది మాయెస్త్రాతో, గొంతు తగ్గించి.

“తెలుసు.”

“మరి అడగండి!”

“నా స్పానిష్ ఇంకా బాగా కుదరలేదు” అంది మాయెస్త్రా, నవ్వకుండా. “డెబ్బై నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్నాను. నిన్న కూడా రెండు తప్పులు పోయాయి. కుదిరాక అడుగుతాను.”

కెజియా పళ్ళు నూరుకుంది. నాతో పంతమా, చూద్దాం ఎవరు ముందు దిగుతారో అనుకుని చేతులు కట్టుకుంది. మాయెస్త్రా కూడా కర్రని చంకన పెట్టుకుని చేతులు కట్టుకుంది.

ఇంకో అరగంట. వాళ్ళ తరవాత వచ్చినవాళ్ళు పదకొండుమంది కొనుక్కుని వెళ్ళిపోయారు. నెత్తళ్ళ కుప్ప నాలుగు దోసిళ్ళకి దిగింది. చివరి అరుగులవాళ్ళు నేల కడగడం మొదలుపెట్టారు. అప్పుడు చూసింది కెజియా. మాయెస్త్రా చేతులు కట్టుకుని లేదు. ఒక చేత్తో పాలరాయి అంచు పట్టుకుంది. ఎడమ మోకాలు వంగిపోతోంది. మొహం మాత్రం పైకప్పు చూస్తూ ప్రశాంతంగా ఉంది. తను నోరు విప్పి అడిగితే తప్ప ఈవిడ కూలబడేదాకా ఇలాగే నిలబడుతుందని కెజియాకి తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

“ఆఖరెవరు?”

చక్రాల సంచి ఆవిడ చెయ్యెత్తబోయింది.

“నేను!”

కెజియా కేక విని చారో మొదటిసారి తల ఎత్తింది. నిజాంపట్నం రేవులో వేలంపాటప్పుడు పడవ ఇంజన్ల మోతని మించి వినబడే గొంతు అది, కెజియా తల్లి, చేపలమ్మే మేరమ్మ గొంతు. ఇన్నాళ్ళూ కూతురు దాన్ని లోపలే అణిచిపెట్టింది.

“నేను ఆఖరు! నేను, ఈవిడ! మేం పన్నెండున్నర నుంచి ఉన్నాం, ఎవరు చూడలేదు! అడగలేదు, అది మా తప్పు. సరే. ఈ చక్రాల సంచి అమ్మ వెళ్తారు ముందు. తరవాత మాయెస్త్రా. తరవాత నేను. నువ్వు, అయ్యా, నా వెనక!”

ఆ స్పానిష్‌లో సరైన వాక్యం ఒక్కటుంటే ఒట్టు. ఆడదాన్ని మగవాణ్ణి చేసింది, నిన్నటిని రేపు చేసింది. పెద్దమనిషి పెదవి వంకరగా సాగింది. ఆమె అన్న చివరి ముక్కని ఆమె అన్నట్టే పలికి, పక్కనున్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు. ఇద్దరు ముగ్గురు తోడు నవ్వారు.

ఐదు నెలల కిందట ఇలాంటి నవ్వు దగ్గరే కదా కెజియా నోరు కట్టేసుకుంది. ఈసారి పెద్దమనిషి కళ్ళల్లోకి సూటిగా చూసింది.

“నవ్వు. బాగా నవ్వు. నవ్వుతూనే నా వెనక నిలబడు!”

నవ్వులు ఆగిపోయాయి. చక్రాల సంచి ఆవిడ గట్టిగా, “ఆ పిల్ల చెప్పింది నిజమే. నేను వచ్చేటప్పటికే వీళ్ళిక్కడున్నారు. ముందు మాయెస్త్రాకి ఇవ్వు చారో, నేను ఆగుతాను” అంది. పెద్దమనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

మాయెస్త్రా తన చేపలు కూడా ఆ పిల్లే కొంటుందన్నట్టు చారోకి కెజియాని చూపించింది. చారో దోసిలి నిండా నెత్తళ్ళు తీసి కాగితంలో వెయ్యబోయింది.

“ఇవి వద్దు” అంది కెజియా. “పొట్ట చితికింది, కన్ను తెల్లగా ఉంది. కింద పెట్టెలో ఉన్నవి ఇవ్వు.”

“కింద పెట్టె ఉందని నీకెవరు చెప్పారు?”

“మా అమ్మ కూడా అక్కడే దాస్తుంది.”

చారో నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆమెని ఎగాదిగా చూసింది. తరవాత వంగి కింద పెట్టె లాగింది. “ఎక్కడ దొరికింది మాయెస్త్రా ఈ గండం మీకు?” అంది, తూచుతూ. చక్రాల సంచి ఆవిడ తనకీ కింద పెట్టెలోవే కావాలంది. వెనకనుంచి పెద్దమనిషి గొంతు కూడా అదే అడిగింది.

బయట మెట్ల మీద మాయెస్త్రా కూలబడి కాలు చాపుకుంది. కెజియా పక్కనే కూర్చుని ఆ మోకాలు రెండు చేతులతో పిసకసాగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహం మాత్రం ఇంకా పోట్లాటకి సిద్ధంగానే ఉంది.

“మొదటి శనివారమే చెప్పొచ్చు కదా, ఇక్కడ ఇలా అడగాలని. ఇంత బాధ పడేవారు కాదు.”

“చెబితే శుభ్రంగా రాసుకునేదానివి.”

కెజియా చేపల పొట్లాన్ని సంచిలో సర్దింది. లోపల చారో కేక, నీళ్ళ గొట్టం చప్పుడు వినిపిస్తున్నాయి.

“అన్నీ తప్పులే మాట్లాడాను మాయెస్త్రా. పరీక్షలో ఇలాగే మాట్లాడితే ఫెయిల్ చేస్తారు.”

“చెయ్యొచ్చు” అంది మాయెస్త్రా, కర్ర అందుకుని లేస్తూ. “ఫెయిలవ్వాలన్నా అక్కడ నోరు తెరవాలమ్మా.”