పండుగప్పకు రెండు నీళ్ళు

ఒకప్పుడు పండుగప్ప చేపకి ఉప్పునీళ్ళు తప్ప వేరే నీళ్ళు తెలీవు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా వచ్చేది. నోటికి చప్పగా తగలగానే గిర్రున వెనక్కి తిరిగేది.

ఆ మొగ పక్కనే మసేనమ్మ, ఆమె మామ కొర్లయ్య ఉండేవారు. వేటకి పోలేని తుఫాను రోజుల్లో తిండికి ఉంటాయని, సముద్రంలో వెదుళ్ళు పాతి, చుట్టూ వల కట్టి పండుగప్పల్ని పెంచేవారు.

ఒక ఏడు ఆ చేపలకి పేలు పట్టాయి. చేపలు మేత మానేసి, వెదుళ్ళకి ఒళ్ళు రాసుకుంటున్నాయి. రోజుకి రెండో మూడో వెల్లకిలా తేలుతున్నాయి.

“ఎవర్రా మీరు? దిగండి!” అంది పెద్ద పండుగప్ప.

“ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళం అత్తా! దిగమంటే ఎలా దిగుతాం?” అన్నాయి పేలు.

మసేనమ్మ ఒక చేపని పట్టి కొబ్బరిపీచుతో తోమింది. పేలు పోయాయి. వాటితోపాటు ఒంటిమీది జిగురూ పోయింది. మర్నాటికి చేప చచ్చిపోయింది. ‘నా చేతుల్తో నేనే చంపాను’ అనుకుంది మసేనమ్మ.

“వల ఇప్పేద్దాం. మనవల్ల కాదు” అన్నాడు కొర్లయ్య.

“రేపు తుఫానొస్తే ఏం తింటాం మావా? రెండ్రోజులు ఆగు.”

మూడు గోలేలు తెచ్చింది. ఒకదాన్లో సముద్రం నీళ్ళలో పసుపు కలిపింది. రెండోదాన్లో సముద్రం నీళ్ళకే ఇంకాస్త ఉప్పు వేసింది. మూడోదాన్లో బావినీళ్ళు పోస్తుంటే కొర్లయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“సముద్రం చేపకి మంచినీళ్ళు విషమే! మా తాతలు వలకి కూడా తగలనిచ్చేవారు కాదు.”

“ఎవరైనా చేపని దింపి చూశారా మావా?”

“చూస్తే చచ్చిపోదూ!”

“అంటే చూళ్ళేదన్నమాట.”

పెద్ద పండుగప్పని అడిగింది. “దిగుతావా తల్లీ? ఏమవుతుందో నాకూ తెలీదు.”

“ఎలాగూ పోయేదాన్నే. దింపు” అంది చేప.

మిగతా రెంటిలోనూ చెరో చేపని వదిలింది. పసుపునీళ్ళలో పేలు పెళ్ళికొడుకుల్లా కూచున్నాయి. ఉప్పునీళ్ళలో ఇంకా గట్టిగా కరుచుకున్నాయి. బావినీళ్ళలో పెద్ద పండుగప్ప ముందు ఉక్కిరిబిక్కిరైంది, తర్వాత తేరుకుంది. పేలే తేరుకోలేదు.

“ఈ నీళ్ళు మాకు పడవు అత్తా!” అంటూ ఉబ్బి, పట్టు తప్పి, ఒక్కొక్కటీ అడుక్కి రాలాయి.

అన్ని చేపలకీ మంచినీళ్ళ స్నానం చేయించి, మళ్ళీ వలలో వదిలింది. ఎనిమిది రోజులకి మళ్ళీ పేలు! వల పైకి లాగి చూస్తే, దారాల నిండా నలుసుల్లా గుడ్లు. ఆ వల విప్పి ఎండలో పడేసింది, ఇంకో ఎండిన వల కట్టింది, చేపలకి మళ్ళీ స్నానం చేయించింది. ఈసారి పేలు రాలేదు. చావులు ఆగాయి.

ఆ ఏడు వచ్చిన తుఫాన్లో ఇంట్లో పొయ్యి ఆరలేదు. వల ఒక పక్క చిరిగి పెద్ద పండుగప్ప బయటపడింది. మొగ దగ్గర నీళ్ళు చప్పగా తగిలాయి. అది వెనక్కి తిరగలేదు.

“ఆగవే, విషం!” అన్నాయి బయట తిరిగే పండుగప్పలు.

“నేను దిగి చూశాను, మీరూ రండి” అంటూ ఏటికి ఎదురీదింది.

అప్పటినుంచే పండుగప్ప సముద్రంలోనూ బతుకుతుంది, ఏటిలోనూ బతుకుతుంది. సముద్రపు పేలు మాత్రం మొగ దాటి లోపలికి రాలేవు.