కాపలా యంత్రం చెప్పిన మాట

సామర్లకోట స్టేషను రోడ్డులో బట్టలు కుట్టే పేరిందేవికి జ్ఞాపకశక్తి ఎక్కువ, కానీ ఏదైనా గుర్తులేకపోతే ఆ సంగతి ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు.

ఆమె గుర్తంతా వేరే భాష నుంచి తెలుగులోకి మార్చి వేసే ఒక టీవీ సీరియల్ మీద ఉండేది. దాని పేరు 'చుక్కల దారి'. అందులో 'వేగవతి' అనే ఓడ ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ప్రయాణం చేస్తూ ఉండేది. ఆ ఓడ బయలుదేరి ఇరవై ఆరేళ్లయింది. ఈలోగా ముగ్గురు కెప్టెన్లు మారారు. వారిలో ఒకాయన రెండుసార్లు చచ్చిపోయి రెండుసార్లు తిరిగొచ్చాడు. పేరిందేవి ఐదో తరగతితో బడి మానేసింది. అయినా కాంతి సంవత్సరం అంటే ఏమిటో లైబ్రరీకి వెళ్లి చదివి తెలుసుకుంది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాల సంగతి కూడా విని వెళ్లేవారు.

ఆదివారం పదింటికి ఆమె కొట్లో టీవీ ముందు నలుగురూ చేరేవారు. టీవీలు బాగుచేసే సత్తిరాజు, లెక్కల మాస్టారు జిలానీ ఒక్క వారం కూడా తప్పేవారు కాదు. వాళ్లకొక పద్ధతి ఉండేది. కొత్త భాగం మొదలయ్యే ముందు పేరిందేవి పోయినవారం కథ చెప్పేది. తగువు వస్తే తీర్పు కూడా ఆమెదే. ఆమె చెప్పాక ఆ ప్రశ్న మూసేసినట్టే. మళ్లీ ఎవరూ తెరవకూడదు.

"ఎర్ర గ్రహం మీద నీళ్లు కనిపెట్టింది డాక్టరా, వంటవాడా?" అని జిలానీ అడిగాడు ఒకసారి.

"వంటవాడే. టీ పెట్టడానికి నీళ్లు వెతుకుతూ గోతిలో పడ్డాడు" అంది పేరిందేవి.

"విన్నావా రాజూ! రెండు రోజుల నుంచి డాక్టరు, డాక్టరు అని నా బుర్ర తిన్నావు" అన్నాడు జిలానీ.

"పిన్నిగారు చెప్పాక ఇంకేముంది మాస్టారూ. ఒప్పుకున్నాను" అన్నాడు సత్తిరాజు.

అలా అందరూ తనని అడగడం పేరిందేవికి ఎంతో ఇష్టం. అయితే ఈమధ్య ఆమెకు ఒక భయం పట్టుకుంది. మెడలో వేసుకున్న కొలత టేపు కోసం కొట్టంతా వెతికేది. తెలిసిన మనిషి ఎదురొస్తే పేరు అందేది కాదు. ఒక్కసారి గుర్తులేదంటే ఇంక తనని ఎవరూ ఏదీ అడగరేమో అనుకునేది.

ఒక ఆదివారం కమలాక్షి అనే ఆవిడ ఆ కొట్టుకు వచ్చింది. పక్క వీధిలో కొత్తగా అద్దెకు దిగింది. ఆవిడ భర్త నరసింగం నాటకాల్లో చిన్న వేషాలు వేసేవాడు. ఆయన పోయి పదేళ్లయింది.

"అక్కా, మీకు చుక్కల దారి మొత్తం కంఠతా వచ్చట కదా" అంది కమలాక్షి.

"అడుగమ్మా, ఏం కావాలి?"

"మొదటి సంవత్సరంలో మూడో చంద్రుడి దగ్గర ఒక కాపలా యంత్రం వస్తుందట. తెలుగులో దానికి గొంతు ఇచ్చింది మా ఆయన. ఒక్క మాటేనట. అది వచ్చిన రోజు నేను పురిటికి ఆసుపత్రిలో ఉన్నాను. ఏమన్నారండీ అని అడిగితే, అదేమన్నా గొప్పా అని నవ్వేసేవారు. ఇంట్లో ఆయన ఫొటోలున్నాయి గానీ గొంతు లేదు. పోనీ ఆ మాటైనా తెలుసుకుందామని వచ్చాను."

పేరిందేవికి మూడో చంద్రుడు గుర్తున్నాడు. గుండ్రటి తలుపు గుర్తుంది. దాని ముందు నిలబడ్డ కాపలా యంత్రం గుర్తుంది. అది ఏమందో మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. కమలాక్షి కళ్లార్పకుండా చూస్తోంది. జిలానీ, సత్తిరాజు చూస్తున్నారు.

"'దీపం ఆర్పకండి, ఇంకో ఓడ రావాలి' అంది" అని చెప్పేసింది పేరిందేవి.

కమలాక్షి ముఖం వెలిగింది. ఆ మాట రెండుసార్లు పైకి అనుకుంది. కాగితం అడిగి రాసుకుంది. ఇంటికి వెళ్లి భర్త ఫొటో కింద అతికించింది. పేరిందేవి తీర్పు చెప్పేసింది కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో మూసేశారు. ఆ రోజు నుంచి కమలాక్షి కూడా ప్రతి ఆదివారం వచ్చేది.

నాలుగు నెలలు గడిచాయి. ఛానల్ వాళ్లు చుక్కల దారిని మొదటి నుంచి రోజుకో భాగం చొప్పున మళ్లీ వేయడం మొదలుపెట్టారు. పాత తెలుగు మాటలు పోయాయట. అందుకని కొత్తవాళ్ల చేత చెప్పించారు. పద్నాలుగో భాగం రోజున కమలాక్షి అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. మూడో చంద్రుడు కనిపించాడు. గుండ్రటి తలుపు కనిపించింది. కాపలా యంత్రం కదిలింది.

"మీ ఓడ పేరు చెప్పండి. పేరు చెప్పనివారికి దారి లేదు" అంది. అంతే. కెప్టెన్ ఓడ పేరు చెప్పగానే తలుపు తెరుచుకుంది. ఓడ ముందుకు వెళ్లిపోయింది.

"ఇదేమిటి? దీపం లేదు, ఇంకో ఓడా లేదు" అన్నాడు జిలానీ.

కమలాక్షి పేరిందేవి వైపు తిరిగింది. "పాతదాంట్లో వేరేగా ఉండి ఉంటుంది. అవునా అక్కా?"

అవునంటే చాలు. ఆ మాట నమ్మడానికి కమలాక్షి సిద్ధంగా ఉంది. మిగతావాళ్లు కూడా నమ్ముతారు. కాదని రుజువు చేసేవాళ్లు ఎవరూ లేరు. అవునన్న మాట పేరిందేవి నోటిదాకా వచ్చింది. కానీ అంత నమ్మకంగా చూస్తున్న మనిషికి అదే అబద్ధం రెండోసారి చెప్పలేకపోయింది.

"నాకు తెలియదమ్మా. ఆ రోజు కూడా నాకు గుర్తులేదు. ఆ మాట నేనే కల్పించాను" అంది.

కమలాక్షి లేచి నిలబడింది.

"నాలుగు నెలల నుంచి పొద్దున్నే దీపం పెట్టి ఆ మాట చదువుకుంటున్నాను అక్కా. అది మా ఆయన మాట అనుకున్నాను. నీ మాటా అది? తెలియదంటే నేనేమన్నా కొడతానా?"

పేరిందేవి తల వంచుకుంది. సత్తిరాజు మెల్లగా అన్నాడు.

"అయ్యో పిన్నిగారూ! ఒక ఇంటివాళ్లు పాత వీడియో క్యాసెట్లు నా దగ్గర వదిలేశారు. వాటిలో చుక్కల దారి ఉన్నట్టు గుర్తు. కమలాక్షిగారు అడిగిన రోజే అటక మీద చూద్దామనుకున్నాను. మీరు చెప్పేశారు కదా, ఇంకెందుకని ఊరుకున్నాను. రెండు నెలల కిందట మొత్తం పాత సామాన్లవాడికి ఇచ్చేశాను."

"పద, అడుగుదాం" అంది పేరిందేవి. మిషను మీద కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి చెప్పులేసుకుంది. కమలాక్షి, జిలానీ కూడా వెంట బయలుదేరారు.

పాత సామాన్లవాడు పెద్దాపురం దారిలో ఉన్న గోవిందు అనే రైతు పేరు చెప్పాడు. నలుగురూ ఆటోలో వెళ్లారు. గోవిందుది మొక్కజొన్న చేను. చేను చుట్టూ కర్రలు పాతి ఉన్నాయి. కర్రకీ కర్రకీ మధ్య నల్లటి క్యాసెట్ రీళ్లు సాగదీసి కట్టి ఉన్నాయి. ఎండలో తళతళ మెరుస్తున్నాయి. గాలికి బుయ్యిమని మోగుతున్నాయి.

"పిట్టలకి ఇదే మందండి. ఈ మోతకి దగ్గరకి కూడా రావండి" అన్నాడు గోవిందు. వీళ్లు రీళ్ల కోసం వచ్చారని విని ఆశ్చర్యపోయాడు. "కావాలంటే ఇప్పుకోండి గానీ, దేనికండి?"

గట్టు పక్కన ఖాళీ క్యాసెట్ పెట్టెలు పడి ఉన్నాయి. జిలానీ ఒక్కొక్కటే తుడిచి చదివాడు. ఒకదాని మీద 'చుక్కల దారి 14' అని ఉంది. సత్తిరాజు రీలు ఒకటి వేళ్ల మధ్య రుద్దాడు. నల్లటి పొడి రాలింది.

"ఎండకీ వానకీ పైపూత పోయింది. ఇంక దీన్నుంచి గొంతు రాదు" అన్నాడు.

"ఇన్నింటిలో అది ఏది?" అని అడిగింది కమలాక్షి.

ఎవరికీ తెలియదు. కమలాక్షి ఒక్కొక్క కర్ర దగ్గరా ఆగి, రీలుకి చెవి ఆనించి వింటూ చేను చుట్టూ నడిచింది. పేరిందేవి ఆమె వెనకే నడిచింది. తన ఒక్క మాట వల్ల ఏం పోయిందో అప్పుడు ఆమెకు పూర్తిగా తెలిసింది.

"నన్ను క్షమించమని అడగను. ఈ ప్రశ్న మళ్లీ తెరవమని మాత్రం అడుగుతాను" అంది పేరిందేవి.

కమలాక్షి చివరి కర్ర దాకా నడిచి ఆగింది. తర్వాత, "తెరవండి" అంది.

జిలానీ వెంటనే ఫోను తీశాడు. ఈ సీరియల్ చూసే ఎన్నో ఊళ్లవాళ్ల గుంపు ఒకటి అందులో ఉంది. వాళ్లందరికీ పేరిందేవి చెప్పినట్టే రాసి పంపాడు. 'మూడో చంద్రుడి కాపలా యంత్రం పాత తెలుగులో ఏమందో నాకు గుర్తులేదు. ఎవరికి ఎంత గుర్తున్నా చెప్పండి. గుర్తులేనిది మాత్రం కలపకండి.'

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. మాటలు ఎవరికీ గుర్తులేవు. ఒకరు గొంతు బొంగురుగా ఉండేదన్నారు. ఒకరు తలుపు మోత తప్ప ఏమీ గుర్తులేదన్నారు. మూడో వారంలో పార్వతీపురం నుంచి ఒక పోస్టాఫీసు ఉద్యోగి రాశాడు. 'ఓడ పేరు అడిగిన తీరు గుర్తులేదు. కానీ అడిగే ముందు ఆ యంత్రం మనిషిలాగా గొంతు సవరించుకుని, ఆఁ... ఎవరది, అంది. ఇనప యంత్రానికి గొంతు సవరింపేమిటని మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం.'

జిలానీ అది పైకి చదివాడు. కమలాక్షి చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ముందు ఎవరికీ తెలియలేదు.

"ఆయనే! తలుపు కొడితే చాలు, గొంతు సవరించుకుని ఆఁ... ఎవరది, అనేవారు. పాలవాడైనా అంతే, చుట్టాలైనా అంతే. అక్కడికి వెళ్లి కూడా మానలేదన్నమాట!" అంది.

ఆ సాయంత్రం ఆవిడ ఫొటో కింద ఉన్న పాత కాగితం తీసేసి, ఆ రెండు మాటలూ రాసి అతికించింది.

మనకు గుర్తులేదని ఒప్పుకుంటే పదిమంది కలిసి నిజాన్ని వెతుకుతారు, గుర్తున్నట్టు కల్పించి చెబితే దొరకాల్సిన నిజం కూడా చేజారిపోతుంది.