మంచం పక్కన ఫిలేమోను

పరంజ్యోతి అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. క్షమించడం ఎలాగండీ అని అడిగిన ఒకాయనని, ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడి ఇంటికి వెళ్ళి గడ్డివాము వెయ్యడానికి సాయపడి రమ్మన్నారు. పరలోకంలో మనవాళ్ళని గుర్తుపడతామా అని అడిగిన ఒకావిడని, ముందు మందిరంలో వెనక వరసలో కూర్చునేవాళ్ళ పేర్లు తెలుసుకుని రమ్మన్నారు. అందుకే కాలవగట్టు పేటలో మా సంఘానికి భక్తి ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. సంఘపెద్దగా ఆయన పక్కన ఇన్నేళ్ళు తిరిగిన నేను, వాన పడుతుందా పడదా అన్నది తప్ప ఆయన్ని ఏమీ అడిగి ఎరగను.

ఫిలేమోను మాత్రం అడిగాడు. బైబిలు శిక్షణ ముగించుకుని వచ్చి అయ్యగారి దగ్గర శిష్యరికంలో చేరినవాడు. మంచివాడు, గొంతు బాగుంటుంది, కుదురు మాత్రం లేదు. చాపలు పరిచేవాడు, మైకు కట్టేవాడు, రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు గిన్నెలు కడిగేవాడు. ప్రసంగం చెప్పే పుల్పిట్టు ఎక్కే భాగ్యం మాత్రం కలగలేదు. ఆదివారం ప్రసంగం మధ్యలో అయ్యగారు కాస్త దగ్గితే చాలు, ఇతను ముందు వరసలో కోటు గుండీలు పెట్టుకునేవాడు. అయ్యగారు రెండు గుక్కల నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇతను గుండీలు విప్పుకునేవాడు. ఆ ముచ్చట చూడటానికే కొందరు నిద్రపోకుండా కూర్చునేవారని నా అనుమానం.

ఆ ఎండాకాలంలో పట్నం నుంచి అతని బావ కబురు పెట్టాడు. సిమెంటు కొట్టులో నమ్మకమైన మనిషి కావాలట, వచ్చే ఆదివారం దాటితే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడట. ఫిలేమోను ఆ కబురు పట్టుకుని తిన్నగా అయ్యగారి వరండాలోకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"అయ్యగారూ, దేవుడు నన్ను వాక్యం చెప్పడానికి పిలిచాడని మీరే అన్నారు. పిలిచినవాడు ఇలా చాపల దగ్గర కూర్చోబెట్టాడేంటండి? ఆదివారంలోగా నాకు తేలిపోవాలి. నా సమయం ఎప్పుడొస్తుందండి?"

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పని తగలబోతోందని నాకు అర్థమైంది.

"దీవెనమ్మకి బాగోలేదు. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చో" అన్నారు.

"కూర్చుని ఏం చెయ్యమంటారండి?"

"కూర్చో."

దీవెనమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ తిట్టని ఇల్లు మా పేటలో లేదు. ఎవరింట్లో చావొచ్చినా అందరికంటే ముందు వెళ్ళి, ఏడ్చేవాళ్ళ వీపు నిమురుతూ రాత్రంతా కూర్చునేదీ ఆవిడే. మా ఆవిడ తల్లి పోయినప్పుడు కూడా ఆవిడే వచ్చింది. వచ్చీ రాగానే వాకిలి ఊడ్చలేదని నన్ను తిట్టింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. పోయే మనిషి దగ్గర చివరి ప్రార్థన ఎవరు చేస్తే, భూస్థాపనకి ముందు ఇంటి దగ్గర జరిగే కూడికలో మొదటి వాక్యం వాళ్ళే చెబుతారు. దీవెనమ్మ లాంటి మనిషి పోతే చుట్టుపక్కల ఊళ్ళ పాస్టర్లంతా వస్తారు, షామియానా వేస్తారు, రోడ్డు దాకా మైకు పెడతారు. అయ్యగారు "కూర్చో" అన్న మాటలో ఫిలేమోనుకి ఈ మైకు మొత్తం వినిపించింది. దేవుడు తలుపు తెరిచేశాడనుకున్నాడు. మండుటెండలో కోటు వేసుకుని బయలుదేరాడు.

ఆ ఇంట్లో అతనికి తగ్గ మనిషి ఇంకొకడు ఉన్నాడు, దీవెనమ్మ కొడుకు ఆశీర్వాదం. తల్లంటే ప్రాణం, కానీ ముందుచూపు మరీ ఎక్కువ. షామియానావాడికి చెప్పి ఉంచాడు, పెట్టె చేసే వడ్రంగి చెవిన ఒక మాట వేసి ఉంచాడు, కుర్చీలు పొరుగూరి పెళ్ళివాళ్ళు తీసుకుపోకుండా ముందే ఆపించాడు. ఇలా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీవెనమ్మ ఒక్కతే సిద్ధంగా లేదు.

ఫిలేమోను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మనసులో వాక్యం సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాడు. మొదటిరోజుకి అది చిన్నదే. ఆవిడ పోకపోవడంతో పెరిగింది. బైబిల్లో బీదలకి బట్టలు కుట్టిపెట్టిన తబితాతో పోలిక చేరింది, అత్తని విడవని రూతు వచ్చి కలిసింది, చివర్లో జనం కన్నీళ్ళు పెట్టుకోవడానికి కాస్త విరామం కూడా కుదిరింది. రోజూ పొద్దున్నే వాకిట్లో కోడలు మార్తమ్మని అడిగేవాడు.

"మామ్మకి ఎలా ఉందక్కా?"

"దేవుడి దయవల్ల కాస్త నయంగానే ఉంది తమ్ముడూ."

"స్తోత్రం" అనేవాడు, మొహం మాత్రం ముడుచుకుపోయేది. ఒకరోజు మార్తమ్మ దాన్ని గమనించింది. తను గమనించిందని అతనూ గమనించాడు. ఆ రోజంతా సిగ్గుతో చచ్చిపోయానని తర్వాత అతనే నాతో చెప్పాడు. అంత సిగ్గులోనూ వాక్యానికి ముగింపు మాత్రం మెరుగుపరుచుకున్నాడట.

శనివారం మధ్యాహ్నం దీవెనమ్మ కదలిక ఆగింది. పిలిస్తే పలకలేదు, కళ్ళు తెరవలేదు. మార్తమ్మ కెవ్వుమంది. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు, నేనూ వెళ్ళాను. గది నిండిపోయింది. ఆశీర్వాదం తల్లి కాళ్ళ మీద పడి ఏడుస్తూనే, షామియానావాడికి ఫోను చెయ్యమని బావమరిదికి సైగ చేశాడు. నాడి చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఫిలేమోను లేచి నిలబడ్డాడు, కోటు గుండీలు పెట్టుకున్నాడు. మర్నాడే ఆదివారం, బావకి జవాబు చెప్పాల్సిన రోజు. సాయంత్రం కూడిక దాకా ఎందుకాగాలి అనుకున్నాడేమో, ఆవిడ మంచం ముందే మొదలుపెట్టేశాడు.

"ప్రభువు సన్నిధికి చేరిన మన దీవెనమ్మగారు..." అన్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, అద్భుతంగా చెప్పాడు. ఆ గొంతు గదిలో మోగుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. "ఆవిడ ఎంత శాంతమూర్తి! ఆ నోట ఏనాడైనా ఒక కఠినమైన మాట విన్నామా? కోడల్ని కూతురిలా చూసుకుంది. ఎవరినైనా పల్లెత్తు మాట అన్నదా?"

"ఎవరి గురించిరా చెబుతున్నావు?" అంది దీవెనమ్మ.

ఆ తర్వాత జరిగింది నేను సరిగా చూడలేదు. బయటికి పరుగెత్తినవాళ్ళలో మొదటివాణ్ణి నేను కాదు, రెండోవాణ్ణి. కిటికీలోంచి తొంగిచూసేసరికి గదిలో ముగ్గురే మిగిలారు. మార్తమ్మ గోడకి అతుక్కుపోయింది, ఫిలేమోను వాక్యంలో తబితా దగ్గర ఆగిపోయి నోరు తెరుచుకుని ఉన్నాడు. దీవెనమ్మ కళ్ళు తెరిచి అతన్ని ఎగాదిగా చూస్తోంది.

"శాంతమూర్తినా? ఒసే మార్తా, నువ్వు చెప్పవే, నేను శాంతమూర్తినా?"

"కాదత్తా" అంది మార్తమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"మరి అబద్ధాలు చెబుతుంటే వింటూ నిలబడ్డావేం? పోయి కాస్త గంజి కాచి పట్రా. ఒరేయ్ ఫిలేమోనూ, ఆ కోటు విప్పరా, చూస్తుంటే నాకే ఉక్కపోస్తోంది. కూర్చో. కాళ్ళు చల్లబడిపోయాయి, పట్టు."

అతను కోటు విప్పి కూర్చున్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. మార్తమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి దీవెనమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. కిటికీ దగ్గర ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"ఇందాక ఎక్కడికో దిగిపోతున్నట్టుందిరా. భయమేసింది. ఈ పేటలో అందరి చావులకీ నేనే ధైర్యం చెప్పాను. నాకు భయంగా ఉందంటే ఎవరు నమ్ముతారు? మావాడికి చెబుదామంటే వాడు కుర్చీల గొడవలో ఉన్నాడు."

ఫిలేమోను దగ్గర అంత పెద్ద వాక్యం ఉంది. వెతుక్కున్నాడు. అందులో దీనికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి, ముందే పెట్టుకున్న విరామం దాకా ఆగలేదు.

"నేను నమ్ముతాను మామ్మా" అన్నాడు. "నేనిక్కడే ఉంటాను. నువ్వు లేపేదాకా లేవను."

తర్వాత ప్రార్థన చేశాడు. "ప్రభువా, మామ్మకి భయంగా ఉంది, దగ్గరికి రా" అన్నాడు, అంతే. ఆమెన్ అనడం కూడా మర్చిపోయాడు. దీవెనమ్మే "ఆమెన్" అని, అతని వేలు పట్టుకుని నిద్రపోయింది. ఇంతలో షామియానావాళ్ళు వచ్చి వాకిట్లో గుంజలు పాతడం మొదలుపెట్టారు. గుంజ దెబ్బలకి మెలకువ వచ్చిన దీవెనమ్మ లోపలినుంచి ఆశీర్వాదాన్ని తిట్టిన తిట్లు కాలవ అవతలికి వినిపించాయి. పేటంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు ఆరాధన అయ్యాక ఫిలేమోను చాపలు చుట్టేసి, అయ్యగారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. పొద్దున్నుంచీ జనం అతన్ని చూసి నవ్వుతూనే ఉన్నారు. ఇద్దరు ముగ్గురైతే తాము ఇంకా బతికే ఉన్నామని దగ్గరికొచ్చి మరీ చెప్పిపోయారు.

"బావ దగ్గరికి వెళ్ళిపోతానండి" అన్నాడు. "బతికున్న మనిషికి భూస్థాపన వాక్యం చెప్పినవాణ్ణి, ఇంక నాకు పిలుపేంటండి?"

"పొద్దున్న దీవెనమ్మని చూసొచ్చాను" అన్నారు అయ్యగారు. "తను పోయినరోజున వాక్యం నువ్వే చెప్పాలట. నన్ను కూడా చెప్పనివ్వదట. తను అందరినీ తిట్టేదన్న సంగతి కూడా కలిపి చెప్పమంది."

ఫిలేమోను తలెత్తాడు. పుల్పిట్టు కోసం అంత ఆరాటపడ్డవాడు, ఆ కబురుకి సంతోషించాలో ఏడవాలో తెలియక మళ్ళీ అయ్యగారినే అడిగాడు.

"మరి అప్పటిదాకా నేనేం చెయ్యనండి?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడ ఇంకా చాలాకాలం బతకాలని ప్రార్థన చెయ్యి. అది మనస్ఫూర్తిగా చెయ్యగలిగితే, మీ బావకి ఏం చెప్పాలో నన్నడగక్కర్లేదు."