గొయ్యి పోతే మెరక

ఇలా జరగండి, ఇంకాస్త జరగండి. పండూ, నువ్వు ఆ కాలు పట్టు నాన్నా. గట్టిగా కాదు, మెల్లిగా. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి పిక్కలు లాగేస్తున్నాయి. హారతీ, నువ్వింకా మొహం అలాగే పెట్టుకున్నావేమే? ఏడో తరగతి లెక్కలకి ఇంత ఏడుపా? ఋణ సంఖ్యని ఋణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకవుతుందని అడిగితే, అదంతే రాసుకోమన్నారా? సరేలే. నాకు బడి లెక్కలు రావు, కథొకటి వచ్చు. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ చెప్తాను. మధ్యలో ఆగిపోతే తట్టి లేపండి.

అనగా అనగా అనగా, ఏటి ఒడ్డున ఒక ఊరుండేదిట. ఆ ఏడు ఏరు పొంగింది. పొంగి పొంగి చేల మీద పడి, పోతూ పోతూ చేల్లో మట్టంతా కోసుకుపోయి, తీసుకెళ్ళి ఒడ్డున మేట వేసింది. మేటంటే తెలుసుగా, వరద తెచ్చి పోసిన ఇసకా మట్టీ గుట్ట. ఒడ్డంతా గుట్టలు, చేలన్నీ గోతులు. అది చూసి రాజుగారు చాటింపు వేయించాడుట. తొలకరి వాన పడేలోగా ఎవరి చేను వాళ్ళు చదును చేసుకోవాలి. వాన పడ్డాక నా మనిషొచ్చి ప్రతి చేలోనూ కర్ర దించి చూస్తాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీళ్ళు ఒక్క ఎత్తున నిలబడితే చేను మీది, లేకపోతే నా బావమరిది తోటలో కలిపేస్తాను అన్నాడుట. రాజులకి బావమరుదులుంటే ఊళ్ళకి ఇదే గతి.

ఆ ఊళ్ళో ముత్యాలని ఒక కోడలు. మొగుడు గవరయ్య వరదలో గోడ మీద పడి కాలు విరిగి మంచాన ఉన్నాడు. అత్త అచ్చియ్యమ్మకి మోకాళ్ళు వంగవు. ఎడ్లు ఏట్లో కొట్టుకుపోయాయి. ఇంక మిగిలిందేమిటి? ముత్యాలూ, ఒక తట్టా, నెత్తి మీద ఒక చుట్టకుదురూ. మేట దగ్గరికి వెళ్ళేది, తట్ట నింపేది, నెత్తికెత్తుకునేది, గోతిలో పోసేది. మళ్ళీ మేట దగ్గరికి వెళ్ళేది, తట్ట నింపేది, నెత్తికెత్తుకునేది, గోతిలో పోసేది. పోసిన మట్టి ఆ గోతిలో ఏ మూలకి పోయిందో కనపడేది కాదు. అలిసిపోయింది తల్లీ. ఎంత అలిసిపోయిందంటే, అన్నం కలుపుకుని ముద్ద నోటి దాకా రాకుండానే కూర్చున్న చోటే నిద్రపోయేదిట. ఆ చేను పోతే ముగ్గురికీ గంజి కూడా లేదు. అది తలుచుకుని మళ్ళీ లేచేది.

ఊ కొడుతున్నారా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, అందరూ ఇళ్ళకి పోయాక, ముత్యాలు ఒక్కతే చేలో ఉంది. తట్ట దింపి గోతి పక్కన కూలబడింది. ఎదురుగా ఎవడో వచ్చి కూలబడ్డాడు. చూస్తే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఆ, అదే. దయ్యం. పండూ, కాలు వదలకు, ఇది కొరికే దయ్యం కాదు. ముత్యాలు భయపడాలి కదా? భయపడ్డానికి ఒంట్లో ఓపిక ఉండద్దూ! ఎవరు నాయనా నువ్వని అడిగిందిట.

వాడు బతికున్న రోజుల్లో వట్టి తిరకాసు మనిషిట. పెళ్ళాం తూర్పంటే పడమర, ఉప్పంటే పులుపు. ఆవిడ విసిగి విసిగి, నీ పాదాలు వెనక్కి తిరిగిపోనూ అని ఒక మాట అనేసి పోయిందిట. అంతే, వీడు చచ్చాక అలాగే అయింది. ఎవరు ఏ పని చెప్పినా చేస్తాడు, కానీ తిరగేసి చేస్తాడు. తెమ్మంటే పట్టుకుపోతాడు, పట్టుకుపొమ్మంటే తెస్తాడు, వద్దంటే చేస్తాడు. వాడి చేత్తో ఎవరి చేనైనా చదునయిన రోజున పాదాలు తిన్నగా తిరిగి, వాడికి విముక్తి. ఇంతకాలం ఎవరికీ చదును కాలేదు. నేనూ అలిసిపోయానమ్మా, ఏం పని చెప్తావో చెప్పు అన్నాడుట. ఒక ఇంటికి మూడు మధ్యాహ్నాలే చేస్తాను, ఎన్నేసి, ఎన్నిసార్లు అన్నది ముందే చెప్పాలి, ఒక్కసారికి మూడుకి మించి మొయ్యలేను అనీ అన్నాడు. మూడంటే మన తట్టలు కావర్రా. వాడి తట్ట మన వాకిలంత. వాడి తట్టెడు మట్టి పోస్తే ఒక గొయ్యి పూడుతుంది, తట్టెడు మట్టి పోతే ఒక గొయ్యి పడుతుంది.

ముత్యాలు చేలో పన్నెండు గోతులున్నాయి. పాపం అలసటలో, వాడు చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. మూడేసి తట్టల మట్టి, రెండుసార్లు తే నాయనా అంది. వాడు లేచాడు. మూడు తట్టల మట్టి పట్టుకుపోయాడు. మళ్ళీ వచ్చాడు, ఇంకో మూడు పట్టుకుపోయాడు. ఏమయింది? ఆరు కొత్త గోతులు! పన్నెండుకి ఆరు కలిస్తే పద్దెనిమిది. ముత్యాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక ఆగిపోయి, వాడి పాదాల వంక చూసింది. అప్పుడు వాడు చెప్పింది బుర్రకెక్కింది. వీడు తెమ్మంటే పట్టుకుపోతాడు కదా. మట్టి పట్టుకుపోతే గొయ్యి పడింది. మరి వీడు గొయ్యినే పట్టుకుపోతే?

మూడేసి గోతులు, రెండుసార్లు తే అంది.

వాడు లేచి మూడు గోతుల్ని తట్టలో వేసుకుని పట్టుకుపోయాడు. గొయ్యిని తట్టలో ఎలా వేస్తారేమిటే? దయ్యం కదా, వేస్తాడు. ఇంకోసారి వచ్చి ఇంకో మూడు పట్టుకుపోయాడు. గొయ్యి ఉన్నచోట గొయ్యి లేకపోతే ఏముంటుంది? మట్టే. ఒక్క తట్ట మట్టి పొయ్యకుండానే ఆరు గోతులు మెరకైపోయాయి! ముత్యాలు నవ్విందిట. వరదొచ్చాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వుకుంటూ పాట కట్టింది.

మట్టి తెస్తే మెరక, మట్టి పోతే పల్లం,
గొయ్యి తెస్తే పల్లం, గొయ్యి పోతే మెరక!

అనండి, నాతో అనండి. ఆ, బావుంది. హారతీ, నీ ధన సంఖ్య మట్టి. నీ ఋణ సంఖ్య గొయ్యి. తేవడం ధనం, పోవడం ఋణం. ఆ రెండు వరసల్లోనూ నీ లెక్కంతా ఉంది. ఋణాన్ని ఋణంతో గుణించడమంటే గోతుల్ని పట్టుకుపోవడమే తల్లీ. గొయ్యి పోతే ఎవరికైనా లాభమే కదా, ఇందులో ఏడవడానికేముంది?

ఏమిటీ? మట్టి పట్టుకుపొమ్మని చెప్తే సరిపోయేది కాదా అంటున్నావా? సరిపోయేది. పట్టుకుపొమ్మంటే తెస్తాడు, మట్టే తెచ్చేవాడు. బంగారు తల్లివి, నీకు లెక్కలు రావన్నదెవరు? చెప్పే మాటలో ఏదో ఒక్కటే తిరగెయ్యాలి. ఆ ఒక్కటే అన్నది గుర్తుంచుకో, ఇప్పుడు దాంతోనే కొంప మునగబోతోంది.

ఈలోగా ఎండ వాలింది, దయ్యం పోయింది. చేలో మళ్ళీ పన్నెండు గోతులే. ముత్యాలు ఇంటికొచ్చి అత్తకి జరిగింది చెప్తూ చెప్తూ గోడకి జారబడి నిద్రపోయింది. మర్నాడు మధ్యాహ్నమైనా లేవలేదు. అచ్చియ్యమ్మకి కోడలి అరిచేతులు కనపడ్డాయి. తట్ట అంచు కోసుకుని పుళ్ళు పడి ఉన్నాయి. చెడ్డ అత్త కాదర్రా ఆవిడ, నోరే కాస్త పెద్దది. పోనీ పిల్లని పడుకోనిద్దాం, ఆ నాలుగు మాటలూ నేను చెప్పలేనా అనుకుని, మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ చేలోకి వెళ్ళింది.

వెళ్ళి ఏమంది? వీడికి అంతా తిరగేసి చెప్పాలన్నమాటే గుర్తుంది ఆవిడకి. మట్టి అనకూడదు, గొయ్యి అనాలి. తే అనకూడదు, పట్టుకుపో అనాలి. రెండూ తిరగేసి, మూడేసి గోతులు నాలుగుసార్లు పట్టుకుపో అంది! పట్టుకుపో అంటే వాడేం చేస్తాడు? తెస్తాడు. ఏం తెస్తాడు? గోతులు. మూడు గోతులు తెచ్చాడు, మళ్ళీ మూడు తెచ్చాడు, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు. ఆవిడ ఆగరా ఆగరా అంటుంటే ఇంకా గబగబా తెచ్చాడు. పన్నెండూ పన్నెండూ ఇరవైనాలుగు. ఆవిడ రెండుసార్లు తిరగేసింది, వాడు ఒకసారి తిరగేశాడు. రెండు తిరుగుళ్ళకి తిన్నగా వస్తుంది, మూడో తిరుగుడికి మళ్ళీ అడ్డం తిరుగుతుంది. ఇది రాసుకో.

అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడి, నా నోరు పడిపోనూ, నీ కష్టమంతా గోతిలో పోశానే తల్లీ అని ఏడ్చిందిట. ముత్యాలు తిట్టలేదు. తిట్టాలన్నా ఓపికుండాలి. ఆకాశం వంక చూసింది. దక్షిణాన మబ్బు కమ్ముకొస్తోంది. మూడో మధ్యాహ్నం ఒక్కటే మిగిలింది.

ఊ కొట్టండర్రా, నేనే పడుకునేలా ఉన్నాను.

మూడోనాడు అత్తా కోడలూ కలిసి వెళ్ళారు. సార్లు ముందే చెప్పాలి కదా, ఒక్కసారి తక్కువైతే మూడు గోతులు మిగిలిపోతాయి, ఒక్కసారి ఎక్కువైతే వాడు లేని గోతుల్ని కూడా పట్టుకుపోయి మూడు మెరకలు లేస్తాయి. ఎటు తప్పినా చేను పోతుంది. ముత్యాలు చేనంతా తిరుగుతూ మూడేసి గోతులకి ఒక పుల్ల పాతింది. మొత్తం ఎనిమిది పుల్లలు అయ్యాయి. అచ్చియ్యమ్మ గుండె బాదుకుని, గోతుల్ని గోతులతో పంచితే ఇంకా ఎనిమిది గోతులు మిగిలాయేమిటే అందిట. అవి గోతులు కావు అత్తా, సార్లు అంది ముత్యాలు. చూశావా హారతీ, ఋణాన్ని ఋణంతో భాగిస్తే ధనమే. ఇరవైనాలుగు గోతుల్లో మూడేసి గోతులు ఎన్నిసార్లున్నాయంటే ఎనిమిదిసార్లు. అదే మట్టి లెక్కన చూడు. మూడేసి తట్టల మట్టి ఎన్నిసార్లు తెస్తే ఈ గోతులు పడ్డాయి? తెస్తే పడవు. ఎనిమిదిసార్లు పోతే పడతాయి. అందుకని ఋణాన్ని ధనంతో భాగిస్తే ఋణం.

దయ్యం వచ్చాడు. మూడేసి గోతులు, ఎనిమిదిసార్లు తే నాయనా అంది ముత్యాలు. వాడు పట్టుకుపోవడం మొదలెట్టాడు. ఒక్కోసారికీ ఒక్కో పుల్ల పీకుతోంది అచ్చియ్యమ్మ. మబ్బు నెత్తి మీదకొచ్చింది. ఏడుసార్లయ్యాక తట్ట జారిపోయి దయ్యం ఆఖరి మూడు గోతుల పక్కన చతికిలబడ్డాడు. ఒక్క పుల్ల మిగిలింది. టప్పున ఒక చినుకు పడింది.

లేవరా, లే, ఇంకొక్కసారే అని అరిచింది అచ్చియ్యమ్మ. లేవమన్నకొద్దీ వాడు వాలిపోయాడు. నీకు దణ్ణం పెడతా లేవరా అంది. వాడు వెల్లకిలా పడుకున్నాడు. లేవమంటే లేచే రకమా వాడు? ముత్యాలు వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. వాడి మొహం చూసింది. ఆ అలసట దానికి తెలియని అలసట కాదు. ఏడుపొచ్చింది. చేను కోసం కాదర్రా, వాడి కోసమే. వదిలెయ్యి అత్తా, పాపం అంది. చాలు నాయనా, నువ్వింక లేవకు, ఆ గోతుల జోలికి పోకు, పోతే పోయింది చేను అంది.

తెలిసే అంది, గడుసుది అంటారు కొందరు. నేనొప్పుకోను. అంత అలిసినవాళ్ళకి ఎత్తులు వెయ్యడం చేతకాదు, జాలి పడ్డమే చేతనవుతుంది.

లేవకు అంది కదా, వాడు లేచాడు. గోతుల జోలికి పోకు అంది కదా, మూడింటినీ తట్టలోకి ఎత్తుకున్నాడు. తూలుకుంటూ తూలుకుంటూ పట్టుకుపోయాడు. అచ్చియ్యమ్మ ఎనిమిదో పుల్ల పీకింది. చేను అద్దంలా చదునైపోయింది. అప్పుడు దబదబా వాన దిగింది. నీళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్క ఎత్తున నిలబడ్డాయి. రాజుగారి మనిషి గొడుగేసుకుని వచ్చి, మూల మూలా కర్ర దించి చూసి, చేను మీదే తల్లీ అని చెప్పి పోయాడు.

గట్టు మీద వానలో తడుస్తూ దయ్యం నిలబడి ఉన్నాడు. పాదాలు తిన్నగా తిరిగాయి. ఇంకేం చెయ్యమంటావమ్మా అన్నట్టు చూశాడు. ఇంకేం వద్దు, పడుకో నాయనా అంది ముత్యాలు.

పడుకున్నాడు. చెప్పిన మాట చెప్పినట్టు వినడం వాడికదే మొదటిసారి. పడుకుని, వానలో అలాగే కరిగిపోయాడు. అచ్చియ్యమ్మ కోడలి నెత్తిన చుట్టకుదురు తీసేసి, నువ్వూ పడుకో తల్లీ, వంట నేను చేస్తాలే అందిట. ఆ ఏడు వాళ్ళకి గాదె నిండా ధాన్యం, ముగ్గురికీ కడుపు నిండా అన్నం, కంటి నిండా నిద్ర.

అంచేత పిల్లలూ, మాట తిరగేసేటప్పుడు ఎన్నిసార్లు తిరగేశారో చూసుకోండి. అలిసినవాళ్ళని లేలే అని అరవకండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి పోదాం. పండు ఎప్పుడో పడుకున్నాడు. కాలు వదిలెయ్యమను... లేదులే, లేపకు వాణ్ణి.