కడుపులో పెట్టుకున్న పగ

గుమ్మడివలసలో పైల పైడయ్య అంత తెలివైనవాడు లేడు. ఈ సంగతి ఊళ్ళో ముగ్గురికే తెలుసు: పైడయ్యకి, అతని తమ్ముళ్ళు గంగులుకి, సూరప్పడికి. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఎందుకో మనకి అనవసరం. అన్నం వార్చుకోగలరు గానీ కూర చేతకాదు. పక్కింటి అప్పలకొండ వదిన రోజూ గిన్నెడు కూర పంపితేనే ముద్ద దిగుతుంది.

ఒకరోజు ఆవిడ కోడిపుంజు వీళ్ళు ఆరబెట్టుకున్న ఉలవలన్నీ తినేసింది. "పగ తీర్చుకోకపోతే మీ పరువేం కాను?" అన్నారు టీకొట్టు దగ్గర. పైడయ్యకి దిగులు పట్టుకుంది. తీర్చుకోకపోతే పరువు పోతుంది, తీర్చుకుంటే కూర పోతుంది.

"అసలు పగంటే ఏంటన్నయ్యా?" అన్నాడు గంగులు.

"ఒకటైతే పగ. ఎక్కువైతే పగలు. అందుకే ఎండ ఉండగానే చెయ్యాలి."

"ఏం చెయ్యాలి?"

"పగలగొట్టాలి. మాటలోనే ఉంది కదరా."

"కుండలా? ఎవరివి?"

పైడయ్య చాలాసేపు ఆలోచించాడు. "తీర్చు అనలేదు, తీర్చుకో అన్నారు. వండుకో అంటే ఎవరికి వండుకుంటాం? మనకే. కాబట్టి మనవే." కూరకి ఢోకా లేదని ప్రాణం కుదుటపడింది.

ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం ముగ్గురూ వరసగా నిలబడి తమ నీళ్ళ కుండలన్నీ పగలగొట్టుకున్నారు.

టీకొట్టంతా నవ్వింది. "కుండలు కాదురా, ఆవిడ మీద పళ్ళు నూరాలి."

అంతే, డజను అరటిపళ్ళు కొని, సన్నికల్లు మోసుకుని వెళ్ళారు.

"వదినా, కాస్త బోర్లా పడుకో. నీమీద పళ్ళు నూరాలి" అన్నాడు పైడయ్య.

"రాయి బరువే గానీ, పళ్ళు మెత్తనివే తెచ్చాం" అన్నాడు సూరప్పడు.

ఆవిడ సంగతంతా విని తల పట్టుకుంది. "నోరులేని పుంజు, తెలీక చేసింది. దాని తప్పు కడుపులో పెట్టుకోండి నాయనా."

ఇంటికొచ్చి పైడయ్య అర్థం తీశాడు. "తప్పెక్కడుంది? పుంజు కడుపులో. మరి పుంజెక్కడుండాలి?"

"మన కడుపులో" అన్నారు తమ్ముళ్ళు.

అంతే. పుంజుని పట్టి, కోసి, శుభ్రంగా కడిగి, వండమని ఆవిడకే ఇచ్చారు. పాపం, సంతలో కొన్నారనుకుంది. మసాలా దట్టించి వండి, ఉప్పు చూడ్డానికి తనూ ఓ ముక్క నోట్లో వేసుకుంది.

భోజనాలయ్యాక, "మా పుంజు ఇంకా గూటికి రాలేదు, చూశారా?" అని అడిగింది.

పైడయ్య తీరిగ్గా త్రేన్చాడు. "నువ్వు చెప్పినట్టే కడుపులో పెట్టుకున్నాం. నువ్వూ ఓ ముక్క పెట్టుకున్నావు కాబట్టి నీమీదా పగ లేదు. మరి రేపేం కూర వదినా?"