చూపులమ్మ కొండకు చదువులు వచ్చిన వైనం

రాయలసీమలో ఎర్రవంక అనే వాగు దాటి పడమటికి వెళ్లే బస్సెక్కితే, సీతాఫలం పొదల నడుమ గుండ్రని రాతికొండ ఒకటి కనబడుతుంది. అదే చూపులమ్మ కొండ. కొండ తూర్పు వాలులో ప్రభుత్వ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రధాన భవనం, దాని వెనుక ప్రయోగశాలలు, గ్రంథాలయం, వసతిగృహాలు ఉన్నాయి. భవనానికి ఎదురుగా ఒక బండమీద అమ్మవారు వెలసి ఉన్నారు. ఆమెకు చేతులు లేవు, ఆయుధాలు లేవు. పసుపు పూసిన నిలువెత్తు రాయికి వెండి కన్నులు రెండు, అంతే. ఆ కన్నులు తూర్పుదారిని చూస్తూ ఉంటాయి. సైన్సు చదివే చోట ఈ అమ్మవారేమిటని కొత్తగా పిల్లలను చేర్పించడానికి వచ్చినవారు తరచుగా అడుగుతారు. చుట్టుపట్ల పల్లెల పెద్దలు చెప్పగా విన్నది వారికోసం ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గొర్రెలు మేసే బీడు తప్ప మరేమీ లేదు. కొండకింది తెట్టుకోన అనే పల్లెలో సుంకన్న అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఒకనాడు గాలివానకు మంద చెదిరిపోయింది. వెతుక్కుంటూ కొండెక్కిన సుంకన్నకు జీవాలన్నీ ఒక రాతిచుట్టూ ఒదిగి కనిపించాయి. ఆ రాతికి పైభాగాన కన్నుల్లాంటి రెండు గుంటలు ఉన్నాయి. తన మందను కాచింది ఈ తల్లేనని సుంకన్న చెంపలు వేసుకొని, మరునాడు పసుపు తెచ్చి పూశాడు. అప్పట్లో అందరూ ఆమెను కొండమ్మ అనేవారు.

సుంకన్నకు ఒక్కతే కూతురు. పేరు ఈరమ్మ. పసితనంలోనే తల్లి పోవడంతో తండ్రే తల దువ్వి, సంగటి కలిపి పెట్టి పెంచాడు. ఈరమ్మకు చదువంటే ప్రాణం. వంక దాటి తాలూకా బడికి నడిచి వెళ్లి, బడిచదువు చివరి పెద్ద పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కింది. ఆ పల్లెల్లో అంతవరకు చదివిన ఆడపిల్ల మరొకతె లేదు. ఆమెకు వెలుగును గురించి, నక్షత్రాలను గురించి చదవాలని ఉండేది. అటువంటి చదువు సముద్రపు ఒడ్డునున్న నగరంలో ఉందని, సీటు తాను ఇప్పిస్తానని లెక్కల అయ్యవారు సుంకన్న ఇంటికి వచ్చి మరీ చెప్పారు. పగలంతా బస్సులో, రాత్రంతా రైల్లో పోవాలి.

అయ్యవారు వెళ్లిన తరువాత సుంకన్న కూతురిని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"పాపా, ఆడ నీకు జరమొస్తే నాకు కబురెట్లొస్తాది? కబురొచ్చి నేను బయల్దేరి వచ్చేలోపల..." అని ఆపై మాట అనలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పోనులే నాయనా, ఏడవొద్దు," అన్నది ఈరమ్మ.

ఆమె వెళ్లలేదు. తండ్రిని ఒక్క మాట అనలేదు. పెండ్లి మాత్రం వద్దన్నది. ఆ మాట సుంకన్న కాదనలేకపోయాడు. ఆనాటినుండి ఈరమ్మ మందను తోలుకొని కొండెక్కి, సాయంకాలం కాగానే అమ్మవారి పక్కన నిలబడి తూర్పుదారిని చూసేది. దూరాన నగరం దారిన పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లేది. దుమ్ము అణిగిపోయేదాకా చూసి ఇంటికి మళ్లేది. కొన్నాళ్లకు సుంకన్న కూడా వచ్చి ఆమె పక్కన ఊరికే నిలబడేవాడు. సుంకన్న కాలం చేసిన తరువాత ఆమె ఒక్కతే నిలబడింది. "ఈరమ్మతోపాటు కొండమ్మ కూడా దారి చూస్తా ఉండాది" అని మేకలు కాచే ఆడవాళ్లు చెప్పుకునేవారు. అమ్మవారికి చూపులమ్మ అనే పేరు అలా వచ్చింది. వెండి కన్నులు ఆ తరువాత ఈరమ్మే చేయించింది.

ఈరమ్మ తల నెరిసే కాలానికి, సీమలో ఒక విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. స్థలం చూడటానికి ఒక సంఘాన్ని వేసింది. రైలుస్టేషన్లు ఉన్న రెండు పట్టణాలు మాకంటే మాకని పోటీపడ్డాయి. తెట్టుకోన బీడు ప్రభుత్వభూమి కాబట్టి దానిని కూడా ఒకసారి చూసి పోదామని సంఘంవారు అనుకున్నారు. ఈ సంగతి పంచాయతీ రేడియోలో విన్న ఈరమ్మకు ఆ రాత్రి నిద్రలో అమ్మవారు కనిపించారట.

"దారి చూసి చూసి నా కండ్లు కాయలు కాసె. నువ్వు ఆడికి పోలేకపోతివి. ఆ చదువునే ఈడికి పిలువు" అని చెప్పారట.

తెల్లవారగానే ఈరమ్మ మందను పక్కింటివారికి అప్పగించి పల్లెలు పట్టుకొని తిరిగింది. ప్రతి ఇంటి గడపలోను ఒకే మాట అడిగింది. "మీ ఇంట్లో చదువు నిలిపేసిన ఆడబిడ్డ ఉండాదా? ఒక్క పొద్దుకు నాతో పంపించండి." కొందరు కసిరారు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు తల్లులు మాత్రం ఆమె ముఖంలోకి చూసి, బిడ్డను వెంటబెట్టుకొని తామే బయలుదేరారు.

సంఘంవారు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. జీపు దిగిన సంఘం పెద్ద చుట్టూ చూసి, "నీళ్లు లేవు, రైలు లేదు. ఈ రాళ్లలో చదువుకోవడానికి ఎవరు వస్తారు?" అన్నారు. సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్ర ఆచార్యుడు మస్తాన్ వలీ కొండవైపు చెయ్యి చూపించారు. బండల పొడవునా కొంగులు నెత్తిన కప్పుకొని తల్లులు, వారి పక్కన పావడాల్లో, పాతచీరల్లో ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. కొందరి చంకల్లో బిడ్డలు కూడా ఉన్నారు.

ఈరమ్మ ముందుకు వచ్చి దండం పెట్టింది. "ఎవరొస్తారని అడిగితిరి గదా సామీ. ఈళ్లే. ఎవురి మాట వాళ్లనే చెప్పనీయండి."

ఒక్కొక్క పిల్లా పేరు చెప్పింది. ఎందాకా చదివిందో చెప్పింది. ఎందుకు ఆగిందో చెప్పింది. "ఏడుతో నిలిపేసినారు, బడి దూరమని." "పది పాసైతి, కాలేజీ దూరమని పంపలేదు." "నాకు డాక్టరు చదువంటే ఇష్టం సార్, శానా దూరమంట." అంతమందీ చెప్పినా కారణం ఒక్కటే. సంఘం పెద్ద టోపీ తీసి చేత్తో పట్టుకొని, చివరి పిల్ల చెప్పేదాకా ఎండలోనే నిలబడ్డారు. అందరి తరువాత ఈరమ్మ తన పేరు చెప్పింది.

"నన్ను మా నాయన పంపలే. ఆయప్ప తప్పు గాదు సామీ. దూరాన్ని చూసి బయపడినాడు."

అయినా పని వెంటనే జరగలేదు. ఒక ప్రభుత్వం పోయి మరొకటి వచ్చింది. శాసనసభలో వాదాలు నడిచాయి. చివరకు చట్టమైంది. ఇంజనీరింగు కళాశాలలు ఆ రెండు పట్టణాలకూ దక్కాయి. విశ్వవిద్యాలయ కేంద్రం, పాలకమండలి, విజ్ఞానశాస్త్ర శాఖలు చూపులమ్మ కొండకు వచ్చాయి. మస్తాన్ వలీ గారే మొదటి ఉపకులపతి అయ్యారు. నీరు లేని చోటు కనుక భూగర్భ జలాల శాఖను ముందు తెరిపించారు. ఆ శాఖవారు చూపించిన చోట తవ్విన బావి నీళ్లతోనే తక్కిన కట్టడాలు లేచాయి. తనకు బంగళా కట్టకముందే బాలికల వసతిగృహం కట్టించి, తాను రేకుల షెడ్డులో కాపురమున్నారు. తండ్రులు వచ్చి చూసుకోవడానికి ఆ వసతిగృహం వాకిట్లో అరుగులు వేయించారు. పల్లె పిల్లలు పగలు చదువుకొని సాయంకాలం ఇల్లు చేరేలా ఊరూరికీ బస్సు తిప్పించారు.

ప్రధాన భవనం పటంలో అమ్మవారి బండ అడ్డం వచ్చింది. రాతిని పక్కకు జరుపుదామని ఇంజనీర్లు అన్నారు. ఉపకులపతి ఈరమ్మను పిలిపించి అడిగారు.

"జరిపేదొద్దు సామీ. దారి కనపడకుండా మాత్రం గోడ పెట్టొద్దండి. ఎవురన్నా వస్తాంటే ఆయమ్మ చూడల్ల," అన్నది ఆమె. నేడు భవనం బండకు వెనుకగా, చాచిన రెండు చేతుల్లాగా వంపు తిరిగి ఉండటానికి కారణం ఇదే.

ఈరమ్మకు ఏమివ్వాలో ఉపకులపతికి తోచలేదు. తరగతుల గంట కొట్టే ఉద్యోగం ఇస్తానన్నారు.

"గంట కొట్టేదానికి కాదు సామీ నేను కోరుకునింది. గంట ఇనేదానికి," అన్నది ఈరమ్మ.

ఆమెను విద్యార్థినిగా చేర్చుకోవడానికి నియమాలు ఒప్పుకోలేదు. ఆమె చదివిన చదువు పాతదైపోయింది, వయసు మీరిపోయింది. మస్తాన్ వలీ గారు విద్యామండలిలో అడిగి చూశారు, కుదరలేదు. అందుకని తరగతులు మొదలైన ఉదయం ఆయన పిల్లలందరినీ అమ్మవారి ముందు నేలమీద కూర్చోబెట్టి, మొదటి పాఠం తానే చెప్పారు. ఆరుబయట కూర్చునేవారిని కాదనే నియమం ఏదీ లేదు. ఈరమ్మ ఉతికిన చీర కట్టుకొని వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది.

ఆనాటి పాఠం నక్షత్రాల వెలుగును గురించి. మనం చూసే నక్షత్రపు కాంతి ఎప్పుడో బయలుదేరిందని, కొన్నిటి కాంతి మన తాతముత్తాతలు పుట్టకముందే బయలుదేరి ఇప్పటికి చేరుతున్నదని ఆయన తెలుగులో, నిదానంగా చెప్పారు. పాఠం ముగిసి పిల్లలు లేచారు. ఈరమ్మ లేవలేదు. ఆచార్యులవారు దగ్గరికి వచ్చి, "అర్థమైందా అమ్మా?" అని అడిగారు.

"అయింది సామీ," అన్నది ఆమె. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఇంత బాగుంటాదని నాకు అప్పుడే తెలుసు. అందుకే ఇన్నాళ్లు మరిచిపోలేకపోతి." కాసేపటికి మళ్లీ, "మా నాయన కూడా ఇనింటే బాగుండు," అన్నది.

ఆ తరువాత ఈరమ్మ తరగతులకు రాలేదు. ఆచార్యులవారు ఎన్నిసార్లు రమ్మన్నా, "ఆ ఒక్క పాఠం చాలు సామీ" అని నవ్వేది. సాయంకాలం బస్సులెక్కి ఇళ్లకు వెళ్లే ఆడపిల్లలను బండమీద కూర్చొని చూసేది. వారిలో ఎవరైనా పిలిచి ఆ రోజు ఏం చదివారో చెబితే, చెప్పిందంతా విని, "ఇంగొకసారి చెప్పు పాపా" అనేదట. అలాగే ఉండి ఉండి, ఒక వేసవిలో కన్నుమూసింది.

నేటికీ విశ్వవిద్యాలయంలో ఏటా మొదటి పాఠం తరగతిగదిలో జరగదు. అమ్మవారి ఎదుట, నేలమీద పరిచిన చాపలపై, తెలుగులో జరుగుతుంది. ఉపకులపతులే దానిని చెప్పాలి. హాజరు పిలవరు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ ఉదయం దూరపు పల్లెలనుండి కూడా ఆడవారు వస్తారు. కొబ్బరికాయకు మారుగా బలపం ముక్క అమ్మవారి రాతి మొదట్లో ఉంచి, తమ పేరు, తమ చదువు ఆగిన తరగతి పైకి చెప్పుకుంటారు. అలా చెప్పుకున్నవారి ఇంట ఇక ఏ బిడ్డ చదువూ నడిమధ్యన నిలిచిపోదని ఈ ప్రాంతపు నమ్మకం. మధ్యలో మానేసినవారు తిరిగి పుస్తకం పట్టుకున్న ఉదంతాలు ఇక్కడ చాలా వినబడతాయి.

పాఠం ముగిశాక విద్యార్థులు తమ తమ శాఖలకు వెళ్లిపోతారు. వచ్చిన ఆడవారిలో కొందరు మాత్రం వెంటనే లేవలేరు. ఒడిలో చేతులు పెట్టుకొని, ఉపకులపతి నిలబడి పాఠం చెప్పిన చోటినే చూస్తూ కూర్చుంటారు. వారు లేచేదాకా అక్కడ పరిచిన చాపలు తీయకూడదని ఇక్కడి ఆచారం.